గార్డు డబ్బా మెట్ల మీద ఇద్దరు

రీలు పోయిన రోజు ఆదివారం. గోదావరి ఒడ్డున, బొగ్గు యార్డు కట్ట దిగి, రైలు వంతెన కనిపించే చోట నిలబడ్డాను. వంతెన మీదికి గూడ్సు బండి ఎక్కింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి నీళ్ల మీదుగా పోతుంటే కెమెరా కంటికి పెట్టుకుని నొక్కాను. కిందికి దించేసరికి ఇద్దరు జవాన్లు నా పక్కన ఉన్నారు.

"ఏం తీస్తున్నవు?"

"గూడ్సు బండిని."

"గూడ్సు బండిని ఎవడన్న తీస్తడా? పెండ్లి బండా అది? బ్రిడ్జిని తీస్తున్నవు."

బ్రిడ్జి కూడా పడి ఉంటుందన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆ యేడు రైలు స్టేషన్లకూ వంతెనలకూ కాపలా పెట్టారు. నక్సలైట్లు ఎప్పుడు ఎక్కడ ఏది పేలుస్తారో అని వాళ్ల భయం వాళ్లది. నన్ను ఔట్‌పోస్టుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఊరి పేరు, బడి పేరు రాసుకున్నారు. కెమెరా తెరవడం వాళ్లకు తెలియలేదు. బజారు నుంచి స్టూడియో అతన్ని ఒకణ్ణి పిలిపించి రీలు తీయించారు. పొద్దు గూకే వేళకు ఖాళీ కెమెరా నా చేతిలో పెట్టి వెళ్లిపొమ్మన్నారు.

"రీలు కావాలె," అన్నాను.

"కడిగి చూసినంక చెప్తం."

"అది మా అబ్బాయిది."

"రమ్మనున్రి మీ అబ్బాయిని. ఆయనకే ఇస్తం."

వాడు లేడని చెప్పాను. జవాను నా మొహం చూసి లోపలికి పోయాడు.

మా అబ్బాయి పేరు శ్రీనివాస్. మాకు వాడొక్కడే. ఆ యార్డులోనే ఒక బొగ్గు కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేసేవాడు. బండి వచ్చి నిలబడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ వ్యాగన్ల నంబర్లు రాసుకోవడం, ఏది నిండింది, ఏది నిండలేదు చూసుకోవడం వాడి పని. నిలబడ్డ బండి కింది నుంచి దూరి అవతలికి పోవడం అక్కడ అందరూ చేసేదే. చుట్టూ తిరిగి రావాలంటే చాలా దూరం. కార్తీకంలో ఒక పొద్దున వాడు దూరినప్పుడు బండి కదిలింది.

నేను కోరుట్లలో హైస్కూలు పంతులును. సాంఘిక శాస్త్రం చెప్తాను. కోరుట్లకు గానీ జగిత్యాలకు గానీ రైలు లేదు. మా బడి పిల్లలకు రైలు అంటే పుస్తకంలో బొమ్మ. శ్రీనివాస్ కూడా ఉద్యోగానికి పోయాకే రైలును దగ్గరగా చూశాడు. కొన్నాళ్లకు ఎవరి దగ్గరో పాత యాషికా కెమెరా ఒకటి సంపాదించాడు. సంపాదించి మనుషులను తీయలేదు. గూడ్సు బండ్లను తీశాడు.

ఆ ఫోటోలు ఒక బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. మంచులో నిలబడ్డ వ్యాగన్ల వరుస, వెనక కరెంటు కర్మాగారం పొగగొట్టాలు. వ్యాగను పక్కన సుద్దముక్కతో ఎవరో రాసిన ఊరి పేరు, సగం వానకు కారిపోయింది. పైనుంచి బొగ్గు పడుతుంటే లేచిన దుమ్ములో నడుము దాకా మాయమైన ఇంజన్. తడిసిన పట్టాలు, పక్కనే గోదావరి. నదికీ పట్టాలకూ రంగులో తేడా లేదు. వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా కొత్తవి తెచ్చి చాప మీద పరిచేవాడు.

"గీ డబ్బాలను తీస్తె ఏమొస్తదిరా?" అని ఒకసారి అడిగాను.

"మనుషుల బండి ఎటు పోతదో బోర్డు మీద రాసుంటది బాపు. ఇవి ఎటు పోతయో ఎవలు అడగరు," అన్నాడు. తర్వాత నవ్వాడు. "బొగ్గు ఎక్కడ దొరుకుతదో నువ్వు పిల్లలకు చెప్తవు గదా. తవ్వినంక సంగతి నేను తీస్తున్న."

మా ఇండ్లలో పెద్దకర్మ నాటికి పోయిన మనిషి ఫోటో పెద్దది చేయించి, కుర్చీలో పెట్టి దండ వేస్తారు. ఎప్పుడూ కెమెరా వెనక ఉండేవాడికి తన ఫోటోలు లేవు. ఉన్నది ఒక్కటే, పదో తరగతి హాల్‌టికెట్ మీదిది. చెంప మీదా ఒక కంటి మీదా బడి ముద్ర పడింది. స్టూడియో రాజన్న దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముద్ర గీకి కన్ను గీయొచ్చు సార్. గని గీసిన కన్ను గీసినట్టె ఉంటది," అన్నాడు.

నా భార్య ఇందిరాదేవి వద్దన్నది. పెద్దకర్మ నాడు కుర్చీ వేయలేదు.

ఆ తర్వాత ఆమెకు గుర్తొచ్చింది. దసరాకు వచ్చినప్పుడు వాడు వంటింటి గడప మీద కూర్చుని చెప్పాడట. "అమ్మా, గీ రీల్ల నేను గూడ ఉన్న. గార్డు సాబు తీసిండు. నిండంగనె కడిగించి తెస్త." వాడి పెట్టెతో పాటు వచ్చిన కెమెరాలో ఆ రీలు అట్లాగే ఉంది.

కెమెరా తీసుకుని ఇద్దరం రాజన్న దగ్గరికి పోయాం.

"ఇంక నాలుగైదు మిగిలినయి సార్," అన్నాడు రాజన్న.

మా దిక్కు నిండని రీలు ఎవరూ కడిగించరు. పెండ్లికి మొదలుపెట్టిన రీలు పుట్టువెంట్రుకల దాకా కెమెరాలోనే ఉంటుంది. రాజన్నదీ అదే అలవాటు. "తియ్యుమంటె ఇప్పుడే తీస్త. గని మిగిలినయి దండుగైతయి గదా. అమ్మను వాకిట్ల కూసోపెట్టి నాలుగు కొట్టున్రి, అయిపోతది."

ఇందిర మొహం తిప్పుకున్నది. "ఏడాది తిరగకముందు నా ఫోటో ఏంది? వాని రీల్ల వాని బండ్లే ఉండనియ్యున్రి."

నాకూ అదే సబబుగా తోచింది. అప్పుడే తీయమని మేమిద్దరం అనలేదు.

వాడు పోయినప్పటి నుంచి నేను ఒక చోట కూర్చోలేకపోయేవాణ్ణి. పాఠం చెప్తూ బెంచీల మధ్య తిరుగుతుండేవాణ్ణి. ఒకసారి పాఠం మధ్యలో బడి దాటి బస్టాండు దాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వచ్చాను. కెమెరా చేతికొచ్చాక పోవడానికి ఒక చోటు దొరికింది. జగిత్యాలలో బస్సు మారి, ధర్మపురి మీదుగా నది దాటి, యార్డుకు పోయాను.

అక్కడా కాళ్లు నిలవలేదు. ఏది తీయాలో తెలియలేదు. డబ్బాలోని ఫోటోలు మనసులో పెట్టుకుని, వాడు నిలబడి ఉండే చోట్లు వెతుక్కుంటూ పట్టాల వెంట నడిచాను. ఖాళీ వ్యాగన్ల వరుసను ఒకటి తీశాను. వ్యాగన్ నీడలో కూర్చుని సద్దులు విప్పుకున్న కూలీలు నన్ను చూసి, "మమ్ముల తీయకు పటేలా, మేం నల్లగుంటం," అని నవ్వారు. వాళ్లను తీయలేదు. నది వైపు దిగాను. వంతెన మీదికి బండి ఎక్కుతున్న చప్పుడు వినబడింది. తర్వాత జరిగింది చెప్పాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఔట్‌పోస్టుకు పోయాను. ఒక వారం కడగడానికి పంపామన్నారు. ఒక వారం సార్ లేడన్నారు. ఇంకో వారం, "గూడ్సు బండ్ల సారు వచ్చిండు," అని లోపలికి కేక వేశారు. బస్సు వేళ దాకా యార్డు కంచె పక్కన తిరిగేవాణ్ణి. నిలిచిన బండి కదిలేటప్పుడు ముందర ఇంజన్ దగ్గర ఒక చప్పుడు పుట్టి, వ్యాగన్ నుంచి వ్యాగన్‌కు కొక్కేలు బిగుసుకుంటూ, బండి పొడవునా పరుగెత్తి వస్తుంది. అది విన్నప్పుడల్లా నా చూపు చక్రాల కిందికి పోయేది. చూడకుండా ఉందామని రెండో వైపు తిరిగితే అక్కడ ఇంకో బండి ఉండేది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక బడికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. యార్డు దగ్గరి పోలీసు స్టేషనుకు ఎస్సై గారు రమ్మన్నారని చెప్పాడు.

ఎస్సై చిన్న వయసు మనిషి, మా జిల్లా వాడే. లేచి కుర్చీ చూపించాడు.

"కూసోన్రి సార్. మీరు దొరవారట గదా. మా తాత మీ అసొంటోళ్ల గడిలనే జీతమున్నడు." నవ్వాడు. అందులో ఎగతాళి ఎంతో, మర్యాద ఎంతో నాకు అంతుపట్టలేదు.

బల్ల మీద ఫోటోలు పేక ముక్కల్లాగా పరిచాడు. మంచులో వ్యాగన్లు. గార్డు చేతిలో జెండా, చేయి వరకే. ఇంజన్ కింద పేరుకున్న నూనె మడుగు. నది అవతలి నుంచి తీసిన యార్డు మొత్తం, పెట్టెలన్నీ అగ్గిపుల్లల్లాగా.

"స్టేషన్ల అందరం చూసినం సార్. బండ్లు, బండ్లు, బండ్లు. పిలగానికి ఇంజన్‌తోని లగ్గం కుదిరిందా అన్నడు మా హెడ్డు." నా మొహం చూసి ఆగాడు. "ఏమనుకోకున్రి. గని ఎందుకు తీసిండు సార్? ఎవలన్న తియ్యుమన్నరా?"

"ఎవలు అనలేదు. వానికి ఇష్టం."

"గూడ్సు బండ్లంటె ఇష్టమా?"

అవునన్నాను. నాకే ఆ మాట చాలలేదు.

"గీ బ్రిడ్జి?"

"అది నేను తీసిన."

"మా వాళ్లు గదే చెప్పిర్రు," అని, బల్ల సొరుగు లాగి ఇంకో ఫోటో తీసి నా ముందు పెట్టాడు.

బండి చివరి గార్డు డబ్బా. దాని ఇనుప మెట్ల మీద ఇద్దరు. ఒకడు శ్రీనివాస్. ఎండ కంట్లో పడి ఒక కన్ను సగం మూశాడు. చెవి మీద పెన్సిలు ఉంది. చొక్కా కాలరు నల్లబడింది. వాళ్లమ్మ దగ్గర నవ్వినట్టుగా కాదు, నేను ఎప్పుడూ చూడని విధంగా, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఎస్సై వేలు పక్కవాడి మీద పెట్టాడు. "గీయనెవరు?"

చూడగానే తెలిసింది. కొమురయ్య. నేను కథలాపూర్ బడిలో ఉన్నప్పుడు శ్రీనివాస్, వాడు ఒకే తరగతి. వాడి తల్లి ఎల్లవ్వ మా పొలాల్లో నాట్లు వేసేది, ఇప్పుడు బీడీలు చుడుతుంది. పదో తరగతి తప్పి సిరిసిల్లలో మరమగ్గాల పనికి పోయాడు. ఆ పని పడిపోయాక భివండికి పోయాడని ఎల్లవ్వ ఊరంతా చెప్పుకుంటుంది. ఫోటోలో వాడి చేయి మావాడి భుజం మీద ఉంది.

"యార్డుల రాజు అని చెప్పుకున్నడు," అన్నాడు ఎస్సై. "చెప్పిన ఊర్ల గసొంటి రాజు లేడు. మీ కొడుకు పోయినంక మాయమైండు. ఇద్దరు ఒక్క రూములనే ఉన్నరట."

ఒకే గదిలో ఉన్నారని శ్రీనివాస్ మాకు ఎప్పుడూ చెప్పలేదు.

"తెల్వదు," అన్నాను.

"జెర మంచిగ చూడున్రి."

"యార్డుల శానమంది ఉంటరు."

ఎస్సై వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "సార్, మీ భూములల్ల ఎర్రజెండాలు పాతింది వీళ్లే. మీరు ఊరిడిసి కోరుట్లల కిరాయింట్ల ఉండవడితిరి. మీ అసొంటోళ్లు చెప్పకపోతె ఇంకెవలు చెప్తరు?" ఫోటోను వేళ్లతో నా వైపు సగం దాకా తోశాడు. "పేరు చెప్పున్రి. ఫోటో తీస్కపోన్రి. నెగటివ్ గూడ ఇస్త. ఎంత పెద్దగనన్న చేయించుకోన్రి."

"మా అబ్బాయి దిక్కు కోసి ఇయ్యరాదా?"

"కోస్తె నాకు సగమే మిగులుతది. ఇద్దరు కలిసి ఉన్నరన్నదే నాకు కావలసింది."

ఎంతసేపు చూశానో తెలియదు. ఆయన చూడనిచ్చాడు. తర్వాత ఫోటోను సొరుగులో పెట్టి, "యాదికొస్తె రాన్రి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇందిర వాకిట్లోనే ఉంది. నా చేతుల వైపు చూసింది.

"దొరకలేదా?"

"చూసిన."

"ఎట్లున్నడు?"

చెప్పాను. కన్ను, పెన్సిలు, కాలరు, నవ్వు. ఆమె మళ్లీ చెప్పించుకున్నది. చొక్కా ఏ రంగుదని అడిగింది. నలుపు తెలుపు ఫోటో అన్నాను. గీతలున్నదా లేనిదా అని అడిగింది. గీతలున్నదే. అది తాను ఉగాదికి కుట్టించిందన్నది. ఆ తర్వాత పక్కన ఎవరున్నారో, ఎస్సై ఏమడిగాడో చెప్పాను.

"చెప్పిర్రా పేరు?"

"లేదు."

"వాడు అడివిల అన్నలల్లనే కలిసినోడైతె, మీరు చెప్పకున్నా వాళ్లకు దొరుకుతడు."

"పోలేదేమో. భివండిల ఉన్నడేమో."

"భివండిల ఉంటె భయమేంది?"

"ఎల్లవ్వ ఇంటి ముందట జీపు ఆగుతది. ఆమెను తీస్కపోతరు."

"నా ఇంటి ముందట నా కొడుకు శవం ఆగింది," అన్నది.

ఆ తర్వాత ఆమె నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. అన్నం పెట్టి లోపలికి పోయేది. నేను పళ్లెం ముందు కూర్చుని, తినకుండానే లేచి, వీధి చివర దాకా పోయి వచ్చేవాణ్ణి. రెండుసార్లు ఎస్సై దగ్గరికని బయలుదేరాను. ఒకసారి జగిత్యాల బస్టాండులోనే దిగి తిరిగి వచ్చాను. ఇంకోసారి స్టేషను గేటు దాకా పోయాను. సెంట్రీ నన్ను గుర్తుపట్టి, "యాదికొచ్చిందా సార్?" అని అడిగాడు. రాలేదని చెప్పి మళ్లీ బస్సెక్కాను.

ఎల్లవ్వ ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం వచ్చింది. బీడీలు కంపెనీలో అప్పజెప్పి ఖాళీ గంపతో వచ్చి, అరుగు మెట్టు మీద కూర్చున్నది. ఇందిర చాయ్ ఇచ్చింది. నేను లోపల గదిలో ఉన్నాను. తలుపు తీసే ఉంది.

"పోలీసోళ్లు దొరను పిలిసిర్రట గద దొరసాని. ఊర్ల అంటున్నరు," అన్నది ఎల్లవ్వ.

"పిలిసిర్రు. శ్రీనివాస్ ఫోటో చూపించిర్రు."

"అయ్యో, చిన్నదొర ఫోటోనా. మంచిగుండెనా?"

"మంచిగున్నడట. పక్కపొంటి మీ కొమురయ్య ఉన్నడట."

నేను లేచి నిలబడ్డాను. తలుపు దగ్గరే ఆగిపోయాను.

ఎల్లవ్వ చాయ్ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. "మావోడు ఎందుకుంటడు దొరసాని? వాడు భివండిల ఉన్నడు. అక్కడ గూడ సాంచెల మీద బట్ట నేస్తుండు. ఎవలో వేరే పిలగాడైతడు. ఒక్క తీరుగ ఉన్నోళ్లు ఉండరా?"

"నేను చూడలే. మా వారు చూసిర్రు."

"దొర పొరపాటు పడ్డడు. చత్వారమచ్చింది గావచ్చు." చిన్నగా నవ్వింది. "చెప్పున్రి దొరకు, అద్దాలు మార్పియ్యిమని."

నేను అప్పుడు అరుగు మీదికి వచ్చాను. నన్ను చూసి ఎల్లవ్వ లేచి నిలబడి కొంగు సర్దుకున్నది.

"నేను ఏం చెప్పలేదు ఎల్లవ్వా. ఎవరో తెల్వదన్న," అన్నాను.

"తెల్వనోన్ని తెల్వదనుడే గద దొరా. ఇంకేమంటరు?"

గంప చంకలో పెట్టుకున్నది. మెట్లు దిగి గేటు దాకా పోయింది. గేటు గొళ్లెం పట్టుకుని, మా వైపు తిరగకుండా అడిగింది.

"గా పిలగాడు, గా వేరే పిలగాడు... బక్కగైండా దొరా?"

నేను ఆ ఫోటోలో నా కొడుకును చూశాను. రెండోవాణ్ణి గుర్తుపట్టేంత వరకే చూశాను. వాడి భుజాలు ఎట్లా ఉన్నాయో, చెంపలు పీక్కుపోయాయో లేదో, నవ్వుతున్నాడో లేదో ఎంత తలచుకున్నా రాలేదు. మావాడి భుజం మీద ఉన్న చేయి మాత్రం గుర్తుంది.

"చేతికి గడియారం ఉన్నది," అన్నాను. అది నిజం.

"గడియారమా," అన్నది ఎల్లవ్వ. గొళ్లెం తీసి గేటు తెరిచింది. "మంచిగనే ఉన్నడన్నట్టు, ఆ పిలగాడు." గేటు వేసి వెళ్లిపోయింది.

ఇందిర ఆ కప్పు తీసుకుని లోపలికి పోయింది. పొద్దుగూకాక నా ముందు అన్నం పెట్టి, చాలా రోజుల తర్వాత ఎదురుగా కూర్చున్నది. "తినున్రి," అన్నది. పేరు గురించి మళ్లీ అడగలేదు.

ఎస్సై ఆ ఎండాకాలంలో బదిలీ అయ్యాడు. కొత్తాయన నన్ను పిలవలేదు. ఆ సొరుగులోని ఫోటోలు ఆయన దగ్గర ఉన్నాయో, పై ఆఫీసుకు పోయాయో, పారేశారో తెలియదు. కొమురయ్య గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎల్లవ్వ ఇంకా భివండి అనే చెప్తుంది. రాజన్న ఒకసారి హాల్‌టికెట్ మాట మళ్లీ ఎత్తాడు. ఇందిర వద్దన్నది. నేను ఇప్పటికీ కొన్ని ఆదివారాలు గోదావరి ఒడ్డుకు పోతాను. కెమెరా ఇంట్లోనే పెట్టి పోతాను. యార్డు కంచె వెంట నడుస్తాను, స్టేషను వైపు వీధిలోకి తిరగను.

కార్తీకంలో సంవత్సరీకం కూడా జరిపాం. శ్రీనివాస్ ఫోటో మా ఇంట్లో ఇంకా పెట్టలేదు.